ఊ తప్పిన చోటు

ఆదివారం మధ్యాహ్నం,
కటింగ్ బల్ల దగ్గర్నుంచి.

చెల్లికి,

అన్నయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగున్నాను, కత్తెర బాగుంది, మోకాలు మాత్రం నా మాట వినడం మానేసింది. అక్కడ నువ్వూ, అమ్మాయీ కులాసాగా ఉన్నారనుకుంటాను. అల్లుడు కులాసాగా ఉన్నాడని నాకు తెలుసు. ప్యాంటు నడుం దగ్గర వదులు చెయ్యమని ఇచ్చి వెళ్ళాడు. ఆ ప్యాంటు జేబులోనే ఈ ఉత్తరం పెట్టి పంపుతున్నాను. అతను దాన్ని సబ్బునీళ్ళలో ముంచేలోపు నీ చేతికి అందితే నీ అదృష్టం.

ఉత్తరాలు రాయడం నాకు చాతకాదని నీకు తెలుసు. నేను బడికి వెళ్ళింది ముక్కు తుడుచుకోవడం నేర్చుకునేదాకానే. ఆ తర్వాత నాన్న మిషన్ ముందు కూర్చోబెట్టాడు. నాకొచ్చిన అక్షరాలన్నీ గుడ్డ మీద సుద్దతో గీసుకోవడానికి పనికొచ్చేవి. ఛాతీ, నడుము, భుజం, పొడుగు. భుజం అని రాయమంటే కళ్ళు మూసుకుని రాస్తాను. మనసులో మాట రాయమంటే ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలీదు. కాబట్టి తప్పులు ఏరుతూ కూర్చోకు. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అని కూడా అనకు. నాకు ఫోన్ అంటే పడదు.

ముందు కొట్టు సంగతులు. నువ్వు రావడం మానేసిన దగ్గర్నుంచి పని బ్రహ్మాండంగా సాగుతోంది. అందుకే ఎవరికీ బాగాలేదు. ఎవరి మిషన్ మీద వాళ్ళు తల వంచుకుని తొక్కుతున్నారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నా బల్ల అదురుతూనే ఉంటోంది. నువ్వున్నప్పుడు అలా కాదు. టీ తాగాక గోడ పక్కకి నీ పీట జరుపుకుని, ఒళ్ళో చొక్కా వేసుకుని, కాజా అంచున సూది గుచ్చి, అనగనగా అనేదానివి. ఒక్కొక్క మిషనే ఆగేది. బల్ల అదరడం ఆగేది. దొర్లే సుద్దముక్క ఉన్నచోట నిలబడేది. కథ మొదలైందని నాకు అలా తెలిసేది.

నిన్న పెద్ద మిషన్ ఆవిడ నా ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, కాజాలక్క రాకపోతే నేనూ రాను, ఈ కాలర్లన్నీ మీరే పంటితో కుట్టుకోండి మాస్టారూ అంది. ఆవిడ గొంతు నీకు తెలుసుగా. నా పరువు వీధి చివరి చెప్పుల కొట్టు దాకా వెళ్ళొచ్చింది. ఇస్త్రీ ఆయన ఒక కోటు వీపు మాడ్చాడు. ఏమయ్యా అంటే, వినడానికేమీ లేకపోతే నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలీడం లేదండీ అన్నాడు.

ఇంకో సంగతి. లైబ్రరీ మేడం గుర్తుందిగా. కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికొచ్చి, నీ కథ అయ్యేదాకా సంచీ కిందపెట్టడం కూడా మర్చిపోయి గుమ్మంలో నిలబడిపోయిందే, ఆవిడ. శనివారం సాయంత్రం లైబ్రరీ పెద్ద హాల్లో నీచేత కథ చెప్పిస్తానంటే సరేనన్నావు. మన గొడవ అయ్యాక రానని కబురు పెట్టావు. ఆవిడ మళ్ళీ కొట్టుకొచ్చి నన్ను అడిగింది. నేను తలూపాను. అన్నని, ఆ మాత్రం హక్కు నాకు లేదా? ఇప్పుడు లైబ్రరీ గోడ మీద పెద్ద కాగితం అంటించారు, కాజాలక్క కథ చెబుతుంది, అందరూ రండి అని. నేను వెళ్ళి చూసొచ్చాను. అక్షరాలు దిట్టంగా ఉన్నాయి. నీ బొమ్మకి బదులు సూదీ దారం బొమ్మ వేశారు. నీ మొహం కంటే అదే నయం.

కాబట్టి శనివారం నువ్వు రావాలి. ఈ ఉత్తరం అందుకే.

నా కథల్లో పస అయిపోయింది, చిన్నప్పట్నుంచి ఊ కొట్టిన మా అన్నయ్యకే విసుగు పుట్టింది, ఇంక ఊళ్ళోవాళ్ళకి ఏం మొహం పెట్టుకుని చెప్పను అన్నావట. ఇంట్లో మనవరాలు అడిగినా చెప్పడం లేదట. పసా లేదు, గిసా లేదు. తిక్క.

ఆ రోజు జరిగింది నాకు బాగా గుర్తుంది. నీ వేలికి సూది దిగి కట్టు కట్టుకున్నావు. ఒళ్ళో చొక్కా లేదు, చేతిలో సూది లేదు. కిటికీ వైపు మొహం తిప్పుకుని, ఉత్తి చేతులతో కూర్చుని, తలుపుల దొంగ కథ ఎత్తుకున్నావు. ఆ కథ ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఒక ఊళ్ళో ఒక దొంగ. డబ్బు ముట్టడు, నగలు ముట్టడు. వాకిలి తలుపు ఒక్కటి ఊడదీసి వీపున వేసుకుని పోతాడు. ఊళ్ళో ఇళ్ళన్నీ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ఆఖరికి ఊరి చివర ఒక ముసలమ్మ ఇంటికి వెళ్తే అక్కడ అసలు తలుపే లేదు. చలిగాలి లోపలికి కొడుతోంది. ముసలమ్మ వాడి చెయ్యి పట్టుకుని, వచ్చినవాడివి ఊరికే పోకు నాయనా, తెల్లారేదాకా ఈ గుమ్మానికి అడ్డంగా నిలబడు, గాలి ఆగుతుంది అంది. దొంగ తలుపులా నిలబడ్డాడు. ముసలమ్మ దుప్పటి కప్పుకుని వాడి వీపు వంక చూస్తూ, ఇన్ని తలుపులు ఏం చేసుకుంటావురా, నీకెందుకురా ఈ పాడుబుద్ధి అని అడిగింది. దొంగ మాట్లాడలేదు.

అక్కడ నువ్వు ఆగావు. ఆగాల్సిన చోటే ఆగావు. పెద్ద మిషన్ ఆవిడ కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. ఇస్త్రీ పెట్టె నిలువుగా నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడు నేను ఊ అన్నాను. ఒక్కటి కాదు. ఊ, ఊ, ఊ అన్నాను, లారీని వెనక్కి పెట్టించేవాడు రానీ రానీ అన్నట్టు. ఇస్త్రీ ఆయన కిసుక్కుమన్నాడు. ఆ వెనకే అందరూ నవ్వారు. నువ్వు లేచి, కథ అయిపోయింది అన్నావట. విసుగొస్తే విసుగని చెప్పాలిగానీ అన్నయ్యా, పసిపిల్లని ఊరుకోబెట్టినట్టు ఉత్తుత్తి ఊ కొట్టకూడదు అన్నావట. చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. నేను కత్తెర పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం నువ్వు నా గదికి వచ్చావట. తలుపు కొట్టావట. అన్నయ్యా అన్నయ్యా అని పిలిచావట. కిటికీలోంచి చూస్తే దీపం వెలుగుతోంది, నేను మంచం మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుకుంటున్నాను, తల కూడా ఎత్తలేదట. మొన్న అల్లుడు కొలత ఇస్తూ నా చెవి దగ్గర అరిచి మరీ చెప్పాడు. అత్తయ్య వీధిలో ఏడ్చుకుంటూ వచ్చింది, మీరసలు మనిషేనా మామయ్యా అన్నాడు. అల్లుడితో నేను వాదించను. నడుం చుట్టూ టేపు కొంచెం బిగించి ఊరుకున్నాను.

ఆ తలుపు సంగతి తర్వాత రాస్తాను. ముందు రాయాల్సింది వేరే ఉంది. నిన్ను నేను మెచ్చుకోవడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. కాగితం దాచుకో, మళ్ళీ అడిగితే రాయను.

నువ్వు కథ కట్టే పద్ధతి నేను చూస్తూ వచ్చాను. నీకు కథ గాల్లోంచి రాదు. చినిగిన జేబు వస్తే దానికెందుకు చినిగిందో ఒక కథ. మాసిన కాలర్ వస్తే ఆ మెడ ఎటు తిరిగి ఎవరి కోసం చూసిందో ఒక కథ. ఆ బూడిదరంగు కోటు గుర్తుందా, కుట్టించుకున్నవాడు ఎంతకీ రాక కొక్కేనికి వేలాడింది? నువ్వు దాన్ని ఒక ఓడవాడి కోటు చేశావు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ రేవు రేవూ తిరుగుతున్నాడన్నావు. రోజుకో రేవు చెప్పావు. చివరికి ఆ కోటాయన వచ్చాడు. బట్టతల, చేతిలో కూరగాయల సంచీ. పెద్ద మిషన్ ఆవిడ కోటు ఇవ్వకుండా పట్టుకుని, తమ్ముడు దొరికాడా లేదా, అది చెప్పండి ముందు అంది. ఆయన బిక్కచచ్చిపోయి, నాకు తమ్ముడెవరూ లేరమ్మా, ఇద్దరూ అక్కలే అన్నాడు. ఆవిడ ఆ రోజంతా ఆయన్ని తిడుతూనే ఉంది. తమ్ముడు లేని మనిషికి కోటెందుకంట! అబద్ధమాడింది నువ్వు, తిట్లు తిన్నది ఆయన. ఆ కోటు నేను కత్తిరించాను. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే నాకు నా కుట్టు గుర్తురాదు, ఉప్పుగాలి గుర్తొస్తుంది. నేను ఉప్పుగాలి ఎప్పుడూ పీల్చినవాణ్ణి కాదు.

నువ్వు కాజాలు కుట్టే మనిషివి కాబట్టే నీకు కథలొచ్చాయని నా నమ్మకం. కథలో ఎక్కడో ఒక కాజా తెరిచి వదిలేస్తావు. ముసలమ్మ ఇంటికి తలుపు లేదంటావు, ఎందుకు లేదో చెప్పవు. మేం దాటిపోతాం, మర్చిపోతాం. చివర్లో ఎప్పుడో గుండీ తెచ్చి అందులోకి దూరుస్తావు. అప్పుడు గానీ తెలీదు, ఇంతసేపూ గుండె దగ్గర చొక్కా తెరుచుకుని ఉందని.

ఇంకోటి. ముసలమ్మని చెప్పేటప్పుడు నువ్వు ముసలి మొహం పెట్టవు. ఒక భుజం కాస్త దించుతావు, అంతే. రాజుని చెప్పేటప్పుడు గడ్డం ఎత్తవు, రెప్ప వెయ్యడం తగ్గిస్తావు. నవ్వించే మాట అనేసి నువ్వు నవ్వవు, దారం కొరుకుతావు. భయపెట్టే చోట సూది పైకి లేచి గాల్లో ఆగుతుంది. మళ్ళీ గుడ్డలోకి దిగేదాకా కొట్టులో ఎవరూ ఊపిరి తియ్యరు. నేను గుడ్డ మీద కత్తెర పెట్టి, కొయ్యకుండా నిన్నే చూస్తూ నిలబడిన మధ్యాహ్నాలు ఎన్నో. గిరాకీ మనిషి వచ్చి గొంతు సవరించుకున్నా పట్టించుకోని మధ్యాహ్నాలు.

చిన్నప్పుడూ ఇంతే. నేను మిషన్ తొక్కుతుంటే కింద గుడ్డపీలికల్లో కూర్చుని చెప్పేదానివి. ఊ కొట్టకపోతే కథ ఆపి, నా కాలి వేలు గిల్లేదానివి. తొక్కుడుకొక ఊ కలిపి కొట్టేవాణ్ణి. నాన్న వచ్చి, ఏంట్రా ఆ మూలుగుడు, కడుపునొప్పా అనేవాడు. అప్పట్నుంచీ నీ పద్ధతి నేను కనిపెట్టాను. ఇవాళ నా ఊ నీరసంగా పడిన చోటు రేపు ఆ కథలో ఉండదు. కుట్టు విప్పేసి, ఆ ముక్క తీసేసి, అతుకు కనపడకుండా కలిపేస్తావు. నా ఊ నీకు కొలతటేపు. ఆ సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ ఆపి టీ తాగొచ్చాను. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. కత్తెర ఇంత బరువుండదు.

నువ్వు వెళ్ళిపోయాక ఇస్త్రీ ఆయన్ని పట్టుకుని, తలుపుల దొంగ కథ మొదట్నుంచీ చెప్పు, గట్టిగా చెప్పు అన్నాను. ఆయన గొంతు చించుకుని చెప్పాడు. ఒక దొంగ ఉన్నాడండీ, తలుపులు ఎత్తుకుపోయాడండీ, ముసలమ్మ నిలబడమందండీ, నిలబడ్డాడండీ, అంతేనండీ. మళ్ళీ మళ్ళీ గుచ్చి గుచ్చి అడిగితే గాలీ, దుప్పటీ, వీపూ బయటికొచ్చాయి. అదే కథ. అవే ముక్కలు. ఆయన చెప్తే గుడ్డ మూట విప్పి పడేసినట్టుంది. అప్పుడు తెలిసింది నాకు, నువ్వు చేసే పని ఏమిటో. గుడ్డ అందరి దగ్గరా ఉంటుంది.

దొంగ తలుపులెందుకు ఎత్తుకుపోయాడో మాత్రం ఎవరికీ తెలీదు. నువ్వు చెప్పకుండా వెళ్ళిపోయావు. కొట్టులో ఇప్పుడు ఇదే రభస. తలుపులన్నీ కలిపి ఓడ చేసుకున్నాడని ఒకావిడ. ముసలమ్మ వాడి కన్నతల్లే అయ్యుంటుందని ఇంకొకావిడ. కట్టెపుల్లలకి అమ్ముకున్నాడని ఇస్త్రీ ఆయన. పెద్ద మిషన్ ఆవిడయితే, వాడు తెల్లారేదాకా నిలబడ్డాడంటేనే మంచోడు, ముందు వాడికి పెళ్ళి చెయ్యాలి అంది.

నేనూ ఒక ముగింపు కడదామని కూర్చున్నాను. ఇన్ని కథలకి ఊ కొట్టినవాణ్ణి, ఆమాత్రం రాదా అనుకున్నాను. దొంగని గుమ్మంలో నిలబెట్టాను. వాడు నిలబడే ఉన్నాడు. లోపలికి రాడు, బయటికి పోడు. చొక్కాకి చెయ్యి అతకడం నాకు చిటికెలో పని, ఆ వెధవకి నోరు అతకడం నావల్ల కాలేదు. మొన్న గుండీలు ఏరుతుంటే ఉన్నట్టుండి ఒక ముగింపు తోచింది. బాగుందో లేదో తెలీదు. నవ్వనంటే తర్వాతెప్పుడైనా చెప్తాను.

ఇంక చాలు. శనివారం నువ్వు హాలుకి వస్తున్నావు. కట్టు విప్పేసి ఉంటావు కాబట్టి సూదీ, దారం, ఒక చొక్కా తెచ్చుకో. అంత మందిలో కాజాలేంటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. నువ్వు కుట్టుకుంటూ చెప్పు, కిటికీ వైపు తిరక్కుండా చెప్పు. నేను ముందు వరసలో నడిమధ్య కుర్చీలో కూర్చుంటాను. అది నాకోసం ఆపి ఉంచమని మేడంకి కాగితం మీద రాసిచ్చాను. ఉతికిన చొక్కా వేసుకొస్తాను.

అమ్మాయికి నా దీవెనలు. మనవరాలికి ముద్దులు. అల్లుడికి, నడుం వదులు చేశాను గానీ ఇంక గుడ్డ లేదని చెప్పు.

ఇట్లు,
సుద్ద తప్ప కలం పట్టని
మీ అన్నయ్య.

తా.క. ఉత్తరం మడత పెట్టి ప్యాంటు జేబులో పెట్టాను, మళ్ళీ తీశాను. తలుపు సంగతి రాస్తానని రాయలేదు.

నాకు వినపడదు చెల్లీ. పోయిన వానాకాలం ముందు నుంచే. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో ఎవరైనా అరిస్తే గోడ అవతల మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కొట్టులో మిషన్ల మోతకి అందరూ అరుస్తారు కాబట్టి నెట్టుకొచ్చాను. అరవకుండా మాట్లాడేదానివి నువ్వొక్కదానివే. మిషన్లన్నీ ఆగాక, మెల్లిగా చెప్పేదానివి. ఆ మెల్లిగా అన్నదే నాకు అందలేదు. చెవిటి మాస్టారు అనిపించుకోవడం నావల్ల కాక చెప్పలేదు. లైబ్రరీ మేడం ఏం అడిగిందో కూడా వినపడకే తలూపాను. గోడ మీద కాగితం చూశాక తెలిసింది నేను దేనికి ఒప్పుకున్నానో. ఒప్పుకుని మంచిపనే చేశాను.

ఆ సాయంత్రం నువ్వు తలుపు కొట్టావని నాకు తెలీదు. తెలిస్తే మోకాలు విరిగినా లేచేవాణ్ణి.

ఇన్నాళ్ళూ నీ సూది చూసి ఊ కొట్టాను. సూది దిగితే ఊ. పైకి లేచి ఆగితే నోరు మూసుకోవాలి. ఒక్కసారి తప్పలేదు. ఆ రోజు నీ చేతిలో సూది లేదు, మొహం కిటికీ వైపు ఉంది. నాకు చీకటైపోయింది. భయమేసి ఊ ఊ ఊ అన్నాను. విసుగు కాదు.

ఇప్పుడు ఆలోచించు. ఇన్నాళ్ళూ నువ్వు నా ఊ పట్టి కథలు కత్తిరించుకున్నావు. ఆ టేపు మీద అంకెలే లేవు. అయినా ఒక్క కథ పొట్టి కాలేదు, ఒక్కటి వదులవలేదు. కొట్టు కొట్టంతా ఏడ్చింది, నవ్వింది. కొలత నీ దగ్గరే ఉందన్నమాట, నా దగ్గర కాదు. ఒక్క ముక్క వినపడని ముసలాడు కత్తెర ఆపుకుని రోజూ నీ కథ చూస్తూ నిలబడ్డాడు. పస అయిపోయిందని ఎలా అన్నావే?

నాకు తోచిన ముగింపు ఇది. ఆ దొంగకి చెవుడు. తలుపు కొడితే లోపలివాళ్ళు రమ్మన్నారో పొమ్మన్నారో వాడికి వినపడదు. అడగడానికి సిగ్గు. అందుకని తలుపులే లేకుండా చేసుకున్నాడు. ముసలమ్మ చెయ్యి పట్టుకుని లాగబట్టి గానీ, వాడు ఆ గుమ్మంలోనూ ఆగేవాడు కాదు.

నీది ఇంతకంటే మంచిదే అయ్యుంటుంది. శనివారం అదే చెప్పు. నాకు మాత్రం ముందే కాగితం మీద రాసి పంపు. పెద్ద అక్షరాలు అక్కర్లేదు, కళ్ళు దివ్యంగా ఉన్నాయి.

గది తలుపు గడియ వెయ్యడం మానేశాను. కొట్టకు, తోసుకుని వచ్చెయ్.